పెద్దదానికి తోడు

ఆ ఇంట్లో పెద్దవి రెండు, చిన్నవి రెండు. బల్లమీద గోడకి ఆనించి పెట్టిన పెద్ద లాప్‌టాప్ ఒకటి, దాని ముందు పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చునే అక్క ఒకతె. సంచిలో పలకలా ఇమిడిపోయే చిన్న లాప్‌టాప్ ఒకటి, దాన్ని భుజాన వేసుకుని కొట్టుకొట్టుకీ తిరిగే చెల్లెలు ఒకతె.

"చిన్నదెక్కడ?" అని అక్క కేకేస్తే, ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గరనుంచి బావ అడిగేవాడు. "ఏ చిన్నదే? నోరున్నదా, లేనిదా?"

"రెండింటికీ లేదు," అనేది అక్క.

బావ నవ్వేవాడు. చెల్లెలూ నవ్వేది. ఆరేళ్ళలో నవ్వు అరిగిపోయింది కాని ఆ మాట అరగలేదు.

వాళ్ళ పని గుడ్డమీద బొమ్మలు కుట్టించడం. కర్టెన్లు, దుప్పట్లు, దిండు గలీబులు. ముందుగదిలో ఉన్నది పన్నెండు సూదుల మిషన్. దానికి కళ్ళు లేవు, బుద్ధి లేదు. ఒక ఆకు కుట్టాలంటే సూది ఎక్కడ దిగాలి, ఎటు నడవాలి, ఎన్ని పోట్లు పొడవాలి, పోటుకీ పోటుకీ మధ్య ఎంత ఎడం ఉండాలి, అన్నీ ముందే చెప్పిపెట్టాలి. గీసిన బొమ్మని అలా పోట్లుగా మార్చే పని పెద్ద లాప్‌టాప్ ఒక్కటే చేయగలదు. అది గుమ్మడికాయంత బరువు. మడతబందు విరిగిపోయి చాలాకాలమైంది, వెనక ఇటుక పెట్టి నిలబెట్టారు. కరెంటు తీగ పీకితే ప్రాణం పోతుంది. పని ఎక్కువైతే దాని ఫ్యాను అరిచే అరుపుకి ఇంట్లో మాట వినపడదు.

చిన్నదానికి అంత శక్తి లేదు. బొమ్మ గీయడానికి, కొట్టువాళ్ళకి చూపించడానికి, వాళ్ళడిగిన రంగు అక్కడికక్కడే మార్చడానికి పనికొస్తుంది. పోట్లు దానికి కనిపించవు. బొమ్మే కనిపిస్తుంది.

రెండింటికీ కలిపి ఒకటే ఫోల్డర్. దీంట్లో పెడితే దాంట్లో కనిపిస్తుంది, దాంట్లో మారిస్తే దీంట్లో మారుతుంది. చిన్నదాంట్లో చోటు తక్కువ కాబట్టి ఏది దాచినా ఆ ఫోల్డర్‌లోనే దాచాలని అక్క కట్టడి. ఇంకో కట్టడి కూడా ఉంది. ఇల్లు కదిలేముందు తెరమీద మూలన నీలం చక్రం తిరిగి తిరిగి ఆగి, ఆకుపచ్చ టిక్కు పడాలి. అది పడేదాకా మూత వెయ్యకూడదు.

వచ్చిన కొత్తలో చెల్లెలు ఒకసారి తొందరపడి మూసేసింది. కొట్టుకి పాత బొమ్మ పట్టుకెళ్ళింది. కొట్టాయన నాలుగు మాటలన్నాడు. ఇంటికొచ్చాక అక్క దగ్గరికి పిలిచింది. "చెయ్యి ఇలా పెట్టు," అని చిన్నదాని మీటలమీద చెల్లెలి చెయ్యి పెట్టించి, మూత దించి, దానిమీద రెండు చేతులూ వేసి ఆనుకుంది. పలచటి మూతే, విరిగేదేమీ లేదు. ఉంగరం వేలి గోరు మాత్రం నల్లబడి నెలకి ఊడింది.

"ఇంక మర్చిపోవులే," అంది అక్క.

మర్చిపోలేదు.

బయట అందరూ అక్క చెయ్యి బంగారం అనేవాళ్ళు. అక్క గీసే ఆకు గరిటెలా ఉంటుందని ముగ్గురికే తెలుసు. గీసేది చెల్లెలు. కొట్టువాళ్ళు "ఇంత బాగా మీ అక్క ఎలా గీస్తుందమ్మా?" అంటే, "ఏమోనండి, నాకు తెలీదు" అనాలి. అంటూ వచ్చింది. రాత్రి ముందుగదిలో గుడ్డ కత్తిరించే బల్లకింద పడుకునేది. అమ్మ పోయిన ఏడు అక్కడ పక్క వేశారు, నాలుగు రోజులకని. ఆ నాలుగు రోజులే ఆరేళ్ళు.

కర్టెన్ల కొట్టాయన మంచివాడేం కాదు కాని కళ్ళున్నవాడు. ఒకరోజు చెల్లెలు ఆయన ముందే గసగసాల పువ్వు రేకు ఒకటి చెరిపి మళ్ళీ గీసింది. ఆయన తల పక్కకి వంచి చూశాడు.

"మీ అక్క ఇక్కడ లేదుగా," అన్నాడు.

చెల్లెలు తెరని తనవైపు తిప్పుకుంది.

"నాకెందుకులే. బైపాస్ అవతల దుప్పట్ల ఫ్యాక్టరీ ఉంది చూడు, అక్కడ బొమ్మలు వేసే మనిషి కావాలిట. ఐదు బొమ్మలు పట్టుకురమ్మంటారు, వాళ్ళ మిషన్‌మీద ఎక్కించి కుట్టిస్తారు. బాగా కుడితే కుర్చీ నీది. ఆడపిల్లలకి హాస్టలు కూడా ఇస్తారు. గదికి ఇద్దరు. మంచాలున్నాయి."

చెల్లెలికి జీతం గురించి అడగాలని తోచలేదు. "మంచాలా?" అంది.

ఉత్తరం రాసింది. వెంటనే జవాబొచ్చింది, మూడు వారాల తర్వాత రమ్మని. ఇక కావలసింది ఐదు బొమ్మలు, పోట్లతో సహా. అంటే పెద్దదాని ముందు కూర్చోవాలి.

పెద్దదాని ముందు కూర్చోవడం ఆమెకి నిషేధం. "నువ్వు గీసేది బొమ్మ. కుట్టు నాది," అనేది అక్క. కాని రెండేళ్ళుగా అక్క కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. చూసినచోట మసక, పక్కన స్పష్టం. చెల్లెలు వెనక నిలబడి చెప్తుంటే అక్క మీటలు నొక్కేది. అలా నిలబడి నిలబడి చెల్లెలు ఆ విద్యంతా పట్టేసింది. అక్క ఆ సంగతి గమనించలేదో, గమనించి లెక్కచెయ్యలేదో.

బుధవారం మధ్యాహ్నాలు అక్క పక్కవాటా ఆవిడని తోడు తీసుకుని కళ్ళాస్పత్రికి వెళ్ళేది. వెళ్ళి రావడానికి రెండు గంటలు. ఆ మూడు బుధవారాలూ చెల్లెలు పెద్దదాని ముందు కూర్చుంది. ఫ్యాను అరిస్తే గుమ్మంవైపు చూసేది. ముందుగదిలోంచి బావ చూశాడు.

"నేనేం చూడలేదు," అన్నాడు. "నేను సూదులకి నూనె వేస్తున్నా."

మూడో బుధవారం ఆయనే ఒక పాతగుడ్డ ముక్క ఫ్రేముకి బిగించి, గసగసాల పువ్వు ఎక్కించి కుట్టాడు. ముడత లేదు, దారం తెగలేదు. ఎర్రరేకు మీద వెలుగు పడితే నిజం పువ్వులా వంపు తిరిగింది.

"పోతావన్నమాట," అన్నాడు బావ.

"చెప్తావా బావా?"

"నాకు నోరెక్కడిదే? ఈ ఇంట్లో నేను మూడో చిన్నదాన్ని."

ఐదు బొమ్మల్నీ, ఫ్యాక్టరీకి రాసిన ఉత్తరాన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఒక మూల పెట్టి, 'పాత గలీబులు' అని పేరు పెట్టింది. ఇంకెక్కడన్నా పెట్టవచ్చని ఆమెకి తోచనే లేదు. ఆరేళ్ళుగా ఏదైనా పెట్టింది అక్కడే.

వెళ్ళాల్సిన రోజు పొద్దున్న అక్క తొందరగా లేచింది. టీ తనే కలిపింది. చెల్లెలికి కూడా ఒక గ్లాసు ఇచ్చింది.

"ఇవాళ ఎక్కడికే?"

"కర్టెన్ల కొట్టుకి అక్కా. రంగులు మార్చాలన్నాడు."

"ఊఁ. జుట్టు సరిగ్గా దువ్వుకో, పిచ్చిదానిలా ఉన్నావు." అక్క పెద్దదాని ముందు కూర్చుంది. ముఖం తెరకి జానెడు దూరంలో పెట్టి, తల పక్కకి తిప్పి, ఓరకంట చూస్తూ ఏదో చేసుకుంటోంది.

చెల్లెలు తయారై, చెప్పులేసుకుని, గుమ్మం పక్కన స్టూలుమీద చిన్నదాన్ని తెరిచి పెట్టుకుని నిలబడింది. మూలన నీలం చక్రం తిరుగుతోంది.

"టిక్కు పడిందా?" అక్క అటు తిరిగే అడిగింది.

"ఇంకా లేదక్కా. తిరుగుతోంది."

"ఉండు మరి. కంగారేం?"

ఆగినట్టే ఆగి మళ్ళీ తిరిగింది. నెట్టు నెమ్మదిగా ఉంది కాబోలనుకుంది చెల్లెలు. బస్సు పోతుందేమోనని ప్రాణం పీకుతోంది. మూత మీద చెయ్యి వేసింది. వేలికి పాత నొప్పి గుర్తొచ్చినట్టయి తీసేసింది. ఇరవై నిమిషాలు నిలబడ్డాక టిక్కు పడింది. మూత వేసింది.

"వెళ్ళిరా," అంది అక్క. ఎప్పుడూ అనని మాట.

ఫ్యాక్టరీలో కుట్టుహాలు బస్టాండంత ఉంది. మిషన్లు వరసగా ముప్ఫై దాకా ఉంటాయి. బొమ్మల గది పెద్దావిడ, మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడేసుకున్న మనిషి, గేటుదాకా వచ్చి తీసుకెళ్ళింది. పనివాళ్ళు ఆమెని చాటుగా కత్తెరమ్మ అంటారని వెళ్ళిన పది నిమిషాల్లో తెలిసిపోయింది.

చెల్లెలు చిన్నది తెరిచి బొమ్మలు చూపించింది. కత్తెరమ్మ ఒక్కొక్కటీ నిదానంగా చూసింది. ద్రాక్షతీగ దగ్గర ఆగింది.

"ఈ ఆకు ఇలా వెనక్కి తిప్పమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఎండకి అలాగే తిరుగుతుంది."

"ఊఁ." ఆ 'ఊఁ'లో మెచ్చుకోలుందని చెల్లెలు పట్టింది. లోపల ఒక మంచం, దానిమీద దుప్పటి, పక్కన కిటికీ కనిపించాయి.

పెన్‌డ్రైవ్‌లో వేసి మిషన్‌కి ఎక్కించారు. మొదటిది గసగసాల పువ్వు. రేకులు అందంగా వచ్చాయి. చుట్టూ నలుగురు చేరారు. చివర పువ్వు మధ్యన నల్లచుక్కలు కుట్టాలి. సూది అక్కడికి వచ్చి దిగి, లేచి, మళ్ళీ అక్కడే దిగింది. మళ్ళీ అక్కడే. టకటకటకమని ఒకేచోట. దారం ఉండలు కట్టింది. టప్పుమని సూది విరిగింది.

"సూది పాతదేమో," అంది మిషన్ నడిపే ఆమె.

కొత్త సూది వేసి ద్రాక్షతీగ ఎక్కించారు. చివరి కాయ దగ్గర అదే వరస. ఈసారి సూది విరగలేదు. గుడ్డే తెగింది. రూపాయి బిళ్ళంత ముక్క గుండ్రంగా ఊడి కింద పడింది.

ఎవరో కిసుక్కుమన్నారు. "బొమ్మలు వెయ్యడానికొచ్చిందా, బెజ్జాలు వెయ్యడానికా?"

మూడోది కొంగ. కంటి దగ్గర బెజ్జం. కత్తెరమ్మ చెయ్యెత్తి మిషన్ ఆపించింది.

"రా," అంది.

గదిలో పెద్ద కంప్యూటర్‌లో బొమ్మలు తెరిచి పోట్లు విడదీసి చూపించింది. "చూడు. ఇక్కడ తొంభై పోట్లు. ఒకే బెజ్జంలో."

చెల్లెలు తెరకి దగ్గరగా వంగి చూసింది. తను పెట్టింది ఆరు.

"పని రానివాళ్ళు అన్నిచోట్లా తప్పు చేస్తారు," అంది కత్తెరమ్మ. "ఇందులో తక్కినదంతా నిక్కచ్చిగా ఉంది. ఐదింటిలోనూ ఒక్కొక్క చోటే, అదీ చివర్లో, గుడ్డంతా అయ్యాక. ఇది తెలిసి చేసింది. ఇవాళ పొద్దున్న ఏడూ పది నుంచి ఏడున్నర మధ్య మార్చారు. ఎవరు?"

ఏడూ పదికి తను చెప్పులేసుకుంటోంది. ఏడున్నరకి టిక్కు పడింది. మధ్యలో నిలబడి ఉంది. మూత వేసి పరిగెత్తి ఉంటే మంచి బొమ్మలే చేతిలో ఉండేవి.

"మా అక్కండి."

"అక్క ఏం చేస్తుంది?"

"ఇదే పనండి."

కత్తెరమ్మ కళ్ళజోడు తీసేసింది.

"నన్ను సరిచెయ్యనివ్వండి. పావుగంట చాలు," అంది చెల్లెలు.

"చేస్తావు. నాకు తెలుసు. నీ చెయ్యి బాగుంది. కాని ఈ గదిలో వచ్చే సీజను బొమ్మలుంటాయి. ఒక్కటి బయటికి పోయినా నా ఉద్యోగం పోతుంది. ఇదే పని చేసే అక్క, చెల్లెలి పెట్టెలో చెయ్యి పెట్టే అక్క, ఆ అక్కని వెంటపెట్టుకుని వచ్చే మనిషిని నేను ఈ కుర్చీలో కూర్చోబెట్టను."

"నేను అక్కడ ఉండనండి. హాస్టల్‌కి వచ్చేస్తా."

"నువ్వు వస్తావు. నీ భయం ఎక్కడుంటుంది? రేపు అక్క ఫోన్ చేసి ఫలానా బొమ్మ పంపమంటే పంపవని నాకు చెప్పు."

చెల్లెలు నోరు తెరిచింది. పంపనని అనాలి. అనలేకపోయింది. ఆ ఒక్క క్షణాన్నీ కత్తెరమ్మ కత్తిరించి పక్కన పెట్టింది.

"దారాలెక్కించే ఆమె మానేసింది," అంది లేస్తూ. "పది గంటలు నిలబడాలి. హాస్టల్ ఉంది. ఈ గదిలోకి మాత్రం రాకూడదు. కావాలంటే రేపు ఎనిమిదింటికి రా."

"వస్తానండి," అంది చెల్లెలు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. అక్క కూర్చున్నచోటే ఉంది. బావ మిషన్ నూనె తుడుస్తున్నాడు. చేతిలో ఉన్నది ఎర్ర గసగసాల పువ్వు కుట్టిన గుడ్డముక్క. చెల్లెల్ని చూసి తల దించుకున్నాడు. తుడవమని ఆ గుడ్డ ఎవరిచ్చారో అడగక్కర్లేదు.

"కర్టెన్లాయన ఏమన్నాడే?" అంది అక్క.

"ఏడూ పదికి మార్చావు."

"ఏడూ పదికి మొదలుపెట్టా," అంది అక్క నింపాదిగా. "కళ్ళు ఆనక ఆలస్యమైంది. నువ్వు చెప్పులేసుకుని నిలబడ్డావు. ఎక్కడ మూత మూసి పోతావోనని నాకు ఒకటే కంగారు. కాని నువ్వెక్కడ పోతావే? నేర్పింది నేర్పినట్టు చేస్తావు."

"ఒక్కదాంట్లో చేస్తే చాలదా అక్కా? ఐదూ ఎందుకు?"

"ఒకటి పోతే పొరపాటంటారు. ఐదూ పోతే పని రాదంటారు." అక్క కుర్చీ ఇటు తిప్పింది. "పాత గలీబులట! ఈ ఇంట్లో ఏది పాతదో ఏది కొత్తదో నాకు తెలీదా? ఉత్తరం కూడా చదివా. 'నేను స్వయంగా గీసినవి' అని రాశావు. స్వయంగానా? ఎవరింట్లో కూర్చుని స్వయంగా? ఎవరి తిండి తిని స్వయంగా?"

"పోనివ్వవే," అన్నాడు బావ.

"నువ్వు తుడువు."

బావ తుడిచాడు.

"రేపటినుంచి అక్కడే దారాలెక్కించే పనికి పోతున్నా," అంది చెల్లెలు.

అక్క ముందు నవ్వింది. పనిమనిషి పని అంది, నాలుగు రోజులకి కాళ్ళు వాచి ఏడుస్తూ వస్తావంది. చెల్లెలు బల్లకింద నుంచి బట్టల సంచి లాగి సర్దుకోవడం చూశాక నవ్వు ఆగింది. లేచొచ్చింది. సంచి బోర్లించింది. చీరలు, తువ్వాలు, దువ్వెన. పదకొండు నోటుపుస్తకాలు. ఆరేళ్ళ పెన్సిలు బొమ్మలు, ఆకులు, తీగలు, పిట్టలు. అక్క వాటిని ఏరి పక్కన పెట్టింది.

"ఇవి ఇంటివి."

"నేను గీసినవి అక్కా."

"నేను కొన్న కాగితం. బట్టలు తీసుకుపో. చిన్నది బల్లమీద పెట్టు."

చెల్లెలు అడ్డం పడలేదు. బట్టలు మళ్ళీ మడతపెట్టుకుంది. సంచి మూతి కట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుంది. తర్వాత చిన్నదాన్ని తీసి బల్లమీద పెట్టి, తెరిచింది.

"మెయిల్లో ఒకటి ఉంది," అంది. "ఫోల్డర్‌లో పెట్టలేదు. అందుకని నీకు కనపడలేదు. నీ ఆస్పత్రిది, వాళ్ళకి నా మెయిలే ఇచ్చావు. పోయిన నెల పంపారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"జాలేసింది."

అక్క బల్ల అంచు పట్టుకుంది. చిన్నదాని తెరమీదికి వంగింది. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. అక్షరాలు దొరకలేదు.

"చదువు," అంది.

చెల్లెలు చదివింది. కొట్టువాళ్ళకి బొమ్మలు చూపించేటప్పటి గొంతుతోనే చదివింది. రెండు కళ్ళలోనూ నడుమ చూపు పోతోందని రాశారు. పోయింది తిరిగి రాదు. సూదులు, మందులు ఇక పనిచెయ్యవు. ఏడాదిలోపు మనుషుల ముఖాలు పోల్చుకోవడం కష్టమవుతుంది. తెర ముందు పని మానుకోవాలి. ఇంట్లో ఎప్పుడూ ఒకరు తోడుండేలా చూసుకోవాలి.

బావ చెయ్యి గుడ్డమీద ఆగిపోయింది.

 అక్క ఒక చెయ్యి నోటుపుస్తకాలమీద వేసింది.

"ఇంకోసారి చదువు," అంది.

చెల్లెలు సంచి భుజాన వేసుకుని, నిలబడే, మొదటినుంచీ మళ్ళీ చదివింది. ఈసారి ఇంకా నిదానంగా చదివింది.